ఛత్రినాకలో కల్లు రుచి చూడ్డానికి పిలిచారు

హైదరాబాదులో కాపురం పెట్టి చాలా ఏళ్ళయింది కానీ, పాతబస్తీ అంటే నాకు తెలిసింది గాజులు, ముత్యాలు, ఏలూరు నుంచి చుట్టాలొస్తే వాళ్ళను చార్మినార్ ముందు నిలబెట్టి తీసే ఫోటో. అంతకు మించి అటు వైపు వెళ్ళిన పాపాన పోలేదు. ఆ మాట మా ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే స్వరూపతో అంటే ఆమె మొహం మాడ్చుకుంది. స్వరూప పుట్టిందీ పెరిగిందీ ఛత్రినాకలో. ఓ మధ్యాహ్నం అన్నాల దగ్గర ఉన్నట్టుండి అడిగింది: "అక్కా, వచ్చే ఆదివారం మా గల్లీల కల్లు కంపౌండోళ్ళు బస్తీల అందర్ని పిలుస్తున్నరు. ఊకెనే రుచి సూపిస్తరంట. వస్తవా?" నాకు పొలమారింది. "ఆడవాళ్ళను కూడానా?" అన్నాను మంచినీళ్ళు తాగి. "ఆడోళ్ళనే ముఖ్యంగ పిలుస్తున్నరు. నువ్వు రా, నీకు గూడ ఎరుకైతది మా దిక్కు ఎట్లుంటదో."

వెళ్తానని మా ఆయనతో చెబితే ఆయన పేపరు దించకుండానే, "బావుంది. కూకట్‌పల్లిలో కల్లు దొరకదనా ఛత్రినాక దాకా వెళ్తున్నావు? వచ్చేటప్పుడు నడిచే వస్తావా, మోసుకు రావాలా?" అన్నారు. ఇలాంటి వెటకారాలు విన్నాక ప్రయాణం మానుకునే రకం కాదు నేను. పైగా కల్లంటే నాకు ఒక్క చుక్క కూడా తెలియదు. మా ఇంట్లో ఆ పేరెత్తితేనే మా నానమ్మ చెంపలు వేసుకునేది.

వెళ్ళదలుచుకున్న వాళ్ళ కోసం దారి చెబుతాను. ఆదివారం భోంచేసి కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగాను. అరవై రూపాయల లోపే అయింది, గంట కూడా పట్టలేదు. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ బస్టాపుకు నడక. ఎండ గట్టిగానే ఉంది, గొడుగు ఉంటే మంచిది. చాంద్రాయణగుట్ట వైపు వెళ్ళే సిటీ బస్సు ఎక్కితే ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. బస్సు నయాపూల్ మీదుగా మూసీ దాటి, బండ్లూ మనుషులూ మేకలూ ఒకే రోడ్డును పంచుకునే చోట పాకుతూ పాకుతూ శాలిబండ చేరింది. నేను అక్కడ దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఛత్రినాకకు నలభై రూపాయలన్నాడు, నేను బేరమాడలేదు.

ఆటో నడిపేది నెరిసిన గడ్డం పెద్దాయన. "ఛత్రినాకల కహాఁ అమ్మా?" అని అడిగితే కాస్త గొంతు తగ్గించి "కల్లు కంపౌండ్" అన్నాను. ఆయన అద్దంలోంచి నా కళ్ళద్దాలూ హ్యాండ్‌బ్యాగూ చూసి, "పీనేకూ?" అన్నాడు. "రుచి చూడ్డానికి" అన్నాను, పోలీసుకు సమాధానం చెబుతున్నట్టు. పెద్దాయన పకపకా నవ్వాడు. "సమజ్ అయ్యింది. అండాలమ్మ కంపౌండే గదా. మా బీబీని గూడ పిలిచింది ఆమె. కల్లు హమ్‌కు నక్కో అంటే, గుడాలన్న తినిపోండ్రి అన్నదంట." గుడాలంటే ఉడకబెట్టి పోపు వేసిన శనగలో బొబ్బర్లో. మా వైపు గుగ్గిళ్ళంటాం. కల్లు తాగనివాళ్ళను కూడా కల్లు దుకాణానికి ఎందుకు పిలిచిందో అప్పటికి నాకు అర్థం కాలేదు.

స్వరూప రోడ్డు మలుపులో నా కోసం నిలబడి ఉంది. గల్లీలోకి నడుస్తూ అసలు సంగతి చెప్పింది. ఆ కంపౌండు అండాలమ్మ అత్తగారి కాలం నుంచీ ఉంది. వాళ్ళు గౌండ్లవాళ్ళు, చెట్టెక్కి కల్లు తీయడం వాళ్ళ కులవృత్తి. పట్నంలో తాటిచెట్లు లేవు కాబట్టి కల్లు ఊళ్ళ నుంచి రావాలి. అంత తిప్పలు ఎందుకని ఆమె భర్త కంపౌండును ఓ కాంట్రాక్టరుకు లీజుకిచ్చాడు. కాంట్రాక్టరు కల్లు తేవడం మానేసి, నీళ్ళలో మత్తుమందు కలిపి పోయడం మొదలుపెట్టాడు. ఇక్కడి వాళ్ళు దాన్ని మందు కల్లు అంటారు. కూలి చేసుకుని వచ్చినవాళ్ళు అది తాగి తాగి, ఒక పూట దొరక్కపోతే చేతులు వణికి, పిచ్చి చూపులు చూసే స్థితికి వచ్చారు. ఆ గల్లీలో బర్రెలు పెట్టుకుని పాలు పోసే నర్సమ్మ భర్త మల్లేశ్ అలాగే మంచాన పడి చనిపోయాడు. తర్వాత కంపౌండు మూతపడింది. అండాలమ్మ భర్తా పోయాడు.

"ఇప్పుడు ఆమెనే తెరిచింది" అంది స్వరూప. "యాచారం దిక్కు ఆమె తమ్ముడు చెట్లెక్కుతడు, దినాం పొద్దుగాల ట్రాలీల పంపిస్తడు. అసలు కల్లు. కని ఎవ్వలు నమ్ముతరు? కొడుకేమో మళ్ళ లీజుకిద్దాం అంటుండు. ఆమె అడ్డం పడ్డది. ఒక్క సాయంత్రం నాకియ్యి బిడ్డా, బస్తీ ఆడోళ్ళను పిలుస్త, వాళ్ళొచ్చి నా చేతి కల్లు తాగితె నేనే నడుపుత, లేకుంటె నీ ఇష్టం అన్నది."

"వస్తారంటావా?"

"నర్సమ్మ పెద్దమ్మ వస్తె అందరొస్తరు. ఆమె రాకుంటె ఒక్కరు గూడ గడప దాటరు. వాళ్ళిద్దరు ఎనకట మస్తు దోస్తులు. ఇప్పుడు మొకం మొకం సూసుకోరు."

కంపౌండు అంటే నేను చీకటి కొట్టు ఊహించుకున్నాను. అదేం కాదు. రేకుల కప్పు కింద వెడల్పైన వాకిలి, సిమెంటు అరుగులు, గోడలకు కొత్త సున్నం. ఒక మూల గూట్లో ఎల్లమ్మ తల్లి పటం, దాని ముందు దీపం. నేల మీద ఇసుక పోసి మూడు లొట్టులు కుదురుగా పెట్టారు. లొట్టి అంటే కల్లు పట్టే కుండ. మూతులకు పలచటి బట్ట కట్టి ఉంది. వాటి వెనక పీట మీద అండాలమ్మ. అరవైకి దగ్గర్లో ఉంటుంది, చెంగు నడుముకు దోపుకుని, పొద్దుటి నుంచీ నిలబడి పనిచేసిన మనిషిలా ఉంది. నన్ను చూడగానే లేచింది. "గంత దూరంకెల్లి వచ్చినవా బిడ్డా? కూసో. ముందుగాల గుడాలు తిను. వట్టి కడుపుల కల్లు వొయ్య నేను."

గుడాలు ఆకులో పెట్టి ఇచ్చింది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ. నేను రెండోసారి అడిగి పెట్టించుకున్నాను, ఎందుకు దాచాలి. నాలాగే గుడాలు తింటున్న ఆడవాళ్ళు ఓ పదిమంది ఉన్నారు గానీ, వాళ్ళందరూ గేటు బయట. బుర్ఖాలో ఉన్న ఒకావిడ పిల్లలకని పొట్లం కట్టించుకుని, అండాలమ్మ చెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళింది. ఆటో పెద్దాయన భార్యే అయి ఉంటుందని నేననుకున్నాను. లోపల అరుగుల మీద ముగ్గురు మగవాళ్ళు, పాత గిరాకీలు. గల్లా పెట్టె దగ్గర ఆమె కొడుకు మహేష్ ఫోను చూసుకుంటూ, మధ్యమధ్యలో గేటు వైపు చూస్తున్నాడు.

అండాలమ్మ మూడు లొట్టుల సంగతీ చెప్పింది. మొదటిది ఈతకల్లు, ఆ పొద్దున దించింది, తియ్యగా ఉంటుంది. చలికాలం వెళ్ళిపోతోంది కాబట్టి ఇంకొన్నాళ్ళే దొరుకుతుంది. రెండోది తాటికల్లు, అదీ పొద్దుటిదే. మూడోది నిన్న సాయంత్రం దించిన తాటికల్లు, పులిసింది, ఘాటు. "కల్లు గంట గంటకు మారుతది బిడ్డా. పొద్దుగాల పసిపిల్ల, మాపటికి ముసలిది. దాన్ని ఆపనీకి మందు గలిపినోడు కల్లును సంపినట్టే." ఆ మాట అంటున్నప్పుడు ఆమె కొడుకు వైపు చూసింది. అతను ఫోను లోంచి తలెత్తలేదు.

గ్లాసు ఉంటుందనుకున్నాను. లేదు. తాటాకును దోనెలా మడిచి ఇచ్చింది, దాన్ని రేక అంటారు. రెండు చేతులా రేకను పట్టుకుని ఒక కొస పెదాలకు ఆనించి తల కాస్త వెనక్కి వాల్చాలి. ఎదుటి మనిషి నిలబడి పైనుంచి లొట్టితో పోస్తుంటే గుటకలు వేస్తూ ఉండాలి. రెండు చేతులూ రేకకే సరిపోతాయి. నోరు తెరిచి ఉంటుంది కాబట్టి చాలు అనడానికీ ఉండదు. పోసేవాళ్ళే మన గొంతు చూసుకుంటూ పోయాలి. పోయడానికి ముందు ఆమె తన రేకలో కాస్త పోసుకుని, నాలుగు చుక్కలు నేల మీద చల్లి, మిగిలింది నా ఎదురుగానే తాగింది. "మా పద్ధతి గిదే. పోసేటోళ్ళు ముందుగాల తాగాలె" అంది. నేను రేక పట్టాను. నా గొంతు ఎక్కడుందో ఆమెకు తెలిసింది గానీ నాకు తెలియలేదు. సగం లోపలికి, సగం కుర్తీ మీదికి. స్వరూప వీడియో తీసింది. ఆ వీడియో ఇప్పటికి మా ఆఫీసు మొత్తం చూసింది.

ఈతకల్లు రుచి చెప్పమంటే, లేత కొబ్బరినీళ్ళకు కాస్త పులుపు తోడైనట్టుంది. తాటికల్లులో దోసెల పిండి పొంగినప్పటి వాసన. మూడోది ఒక్క గుక్కకే ముక్కు దాకా ఎక్కింది, చాలన్నట్టు తల ఊపేశాను. మొదటిది ఇంకోసారి అడిగాను. మా నానమ్మ పైనుంచి చూస్తుంటే చూడనీ.

అప్పటిదాకా సరదాగానే ఉంది. తర్వాత ఆ ముగ్గురు మగవాళ్ళ వంతు వచ్చింది. వాళ్ళు మూడు లొట్టులూ రుచి చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శంకరయ్య అనే ఆయన రేక కింద పెట్టేసి, "ఏంది అండాలక్క గిది? నిషా లేదు, ఏం లేదు. నీళ్ళు గలిపినవ్" అన్నాడు.

"ఎల్లమ్మ తోడు, ఒక్క చుక్క గలపలె."

"మరి గట్లెందుకున్నది? ఎనకటి కల్లు ఒక్క సీసా తాగితె ఇంటికి పోనీకి దారి దొరకకపోయేది. గిది తాగి నేను బండి నడుపుకుంట పోత."

మిగతా ఇద్దరూ నవ్వారు. అసలు కల్లును నీళ్ళ కల్లంటున్నారు, ఏళ్ళ తరబడి తాగిన మందు నీళ్ళను అసలు కల్లనుకుంటున్నారు. వాళ్ళు కావాలని అన్నది కూడా కాదు, వాళ్ళ నాలుకకు తెలిసిన కల్లు అదే. అండాలమ్మ ఏం చెప్పినా ఋజువు చేసే దారి లేదు. నాకు చాలా కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. శంకరయ్య మాత్రం గుడాల ఆకు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. గేటు బయట ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. మహేష్ వచ్చి తల్లి పక్కన వంగి, "సూసినవ్ గదమ్మా. తాగెటోళ్ళకు ఇది వద్దంట. తాగనోళ్ళు లోపటికి రారు. ఇగ లొల్లి ఎందుకు?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. తల్లిని చూస్తే అతనికీ జాలిగానే ఉన్నట్టుంది. ఆమె లొట్టి మూతి బట్ట సరిచేసింది.

అప్పుడే నర్సమ్మ గల్లీలోకి వచ్చింది. సాయంత్రం పాలు పోసి వస్తోంది, చేతిలో ఖాళీ క్యాన్లు. సన్నగా, పొడుగ్గా, ఎవరి దారికీ అడ్డు రాకుండా నడిచే మనిషి. గేటు దగ్గర గుంపును చూసి ఆగింది. ఆడవాళ్ళు పక్కకు జరిగారు. ఆమెకూ అండాలమ్మకూ మధ్య ఎవరూ లేకుండా పోయారు.

"లోపటికి రా నర్సా" అంది అండాలమ్మ.

నర్సమ్మ కదల్లేదు. "ఎందుకు రావాలె?"

"మంచి కల్లు. నేను ముందుగాల తాగి పోస్తున్న."

"ఇప్పుడు తాగుతున్నవ్." నర్సమ్మ గొంతు పెంచలేదు, కానీ గల్లీ అంతా వినబడింది. "నాడు మీ ఇంట్ల ఎవ్వరన్న తాగిండ్రా ఆ కల్లు? నువ్వు తాగినవా? మీ ఆయన తాగిండా? మీరు తాగనిది మా ఆయనకు పోసిండ్రు."

నేను స్వరూప చెయ్యి పట్టుకున్నాను. కాంట్రాక్టరు చేశాడని, లీజు కాయితాలున్నాయని, భర్త నిర్ణయమని, చెప్పుకోవడానికి అండాలమ్మకు ఎన్ని దారులున్నాయో నాకు తెలుసు. ఆమె వాటిలో ఒక్కటీ ఎత్తుకోలేదు.

"తాగలె" అంది. "మా ఇంట్ల ఎవ్వరు తాగలె. అండ్ల మందున్నదని నాకు ఎరుకే. లీజుకిచ్చినం, మాదేం లేదు అనుకొని ఊకున్న. మల్లేశన్న మంచాన పడ్డనాడు గూడ వచ్చి సూడలె. మొకం సెల్లలె."

బస్తీ అంతటి ముందు అంది ఆ మాట. కొడుకు ముందు అంది. మహేష్ చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎల్లమ్మ పటం వైపు తిప్పుకున్నాడు. శంకరయ్య తినడం ఆపేశాడు. నర్సమ్మ ఏడుస్తుందనో తిడుతుందనో నేను భయపడ్డాను. ఆమె రెండూ చేయలేదు. క్యాన్లు గేటు పక్కన పెట్టి, చెప్పులు విప్పి, లోపలికి వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది. పాల వాసన, గడ్డి వాసన. నా కుర్తీ మీద మరక చూసి, "నువ్వు రేక పట్టుడు కొత్తనా బిడ్డా?" అని అడిగింది. అవునన్నాను. "మోచేతులు దగ్గరికి పెట్టాలె" అని చూపించి, తానే రేక అందుకుంది.

అండాలమ్మ ఈతకల్లు లొట్టి ఎత్తింది. ముందు నాలుగు చుక్కలు నేల మీద చల్లింది. తాను ఒక గుక్క తాగింది. నర్సమ్మ రెండు చేతులతో రేక పట్టి, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుంది. అండాలమ్మ పోయడం మొదలుపెట్టింది గానీ ఆమె చెయ్యి వణుకుతోంది. ధార పక్కకు పోయి నర్సమ్మ మెడ మీదుగా కారుతోంది. నర్సమ్మ రేకను కాస్త దించి, కళ్ళు తెరవకుండానే అంది: "చెయ్యి గట్టిగ పట్టు అండాలూ."

ఎన్నేళ్ళ తర్వాత ఆ పేరు పెట్టి పిలిచిందో నాకు తెలియదు. స్వరూప మాత్రం చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. అండాలమ్మ రెండో చేత్తో లొట్టి అడుగు పట్టుకుని, నర్సమ్మ గొంతు మీదే చూపు పెట్టి, నెమ్మదిగా పోసింది. గుటక తర్వాత గుటక. రేక ఖాళీ అయ్యాక నర్సమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"తియ్యగున్నది" అంది. కాసేపాగి, "మా ఆయనకు గిది దొరకకపాయె" అంది.

అండాలమ్మ లొట్టి కింద పెట్టేసి ఆమె మోకాళ్ళ దగ్గర కూలబడింది. ఏదో అనబోతే నర్సమ్మ ఆపింది. "మాఫీ గీఫీ అడగకు. అది నాతోని కాదు. కల్లు మంచిగున్నది, గంతే చెప్తున్న." ఆ మాట అంటూనే అండాలమ్మ భుజం మీద చెయ్యి వేసింది, మళ్ళీ తియ్యలేదు. తర్వాత గేటు వైపు తిరిగి, "ఏం సూస్తున్నరే? రాండ్రి లోపటికి. చీకటైతె పులుస్తది" అని కేకేసింది.

వచ్చారు. మొదట ఇద్దరు, తర్వాత అందరూ. రేకలు చాలక స్వరూపా నేనూ కూర్చుని తాటాకులు మడిచాం, నావన్నీ వంకరే. మహేష్ బయటి బల్లలు మోసుకొచ్చి వేశాడు. తల్లి అలసిపోతే తానే లొట్టి అందుకున్నాడు. ఒకావిడ, "ముందుగాల నువ్వు తాగు బిడ్డా" అంది అతనితో. అతను ఒక్క క్షణం తల్లి వైపు చూసి, రేక పట్టి తాగాడు. శంకరయ్య ఓ మూల నుంచి, "ఇంకోసారి పొయ్యి, రుచి సూస్త. గా తాటిదే" అన్నాడు. మహేష్ ఆయన చేతికి రేక ఇచ్చాడు.

దీపాలు పెట్టే వేళకు నేను బయల్దేరాను. మెట్రో స్టేషన్ బయట మా ఆయన స్కూటరు మీద ఎదురుచూస్తున్నారు. "నడుస్తున్నావే!" అన్నారు. ఇంకో వెటకారం చేయబోయి, నా మొహం చూసి ఊరుకున్నారు. దారిలో అంతా చెప్పాను. ఆ ఇద్దరూ మళ్ళీ దోస్తులయ్యారని మాత్రం చెప్పలేదు, ఇక్కడ రాయడం లేదు కూడా. నర్సమ్మ క్షమించలేనని నోరు తెరిచి చెప్పింది, ఆ మాటను నేను తీపి చేయలేను. కానీ భర్తను పోగొట్టుకున్న మనిషి, ఆ చేతుల ముందే తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని గొంతు అప్పగించడం నేను కళ్ళారా చూశాను. అలాంటి నమ్మకం నాకు ఎవరైనా ఇస్తే నా చెయ్యీ వణుకుతుంది. ఇంతకాలం చార్మినార్ దగ్గరే ఆగిపోయినందుకు బాధపడ్డాను, ఆ ఒక్క సాయంత్రమైనా దాటినందుకు చాలా సంతోషించాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సలహా. అండాలమ్మే చెప్పింది, రాయమని మరీ చెప్పింది. ఏ కంపౌండులో అయినా సరే, రేక పట్టే ముందు పోసే మనిషిని ఒక గుక్క తాగమని అడగండి. మంచి కల్లు పోసేవాళ్ళకు ఆ మాటకు కోపం రాదు.